కాపిలేయిరా కాలిబాటలు: 1571 తర్వాతి కథ

స్పెయిన్ దక్షిణాన, సియెర్రా నెవాడా మంచుకొండల ఎండవాలు మీద, 1,436 మీటర్ల ఎత్తున కాపిలేయిరా అనే ఊరుంది. జనం అయిదారు వందలు. సున్నం కొట్టిన గోడలు, చదును మిద్దెలు. రాయలసీమ మట్టిమిద్దె మీద చవుడు పోసినట్టే అక్కడి మిద్దెల మీద 'లావునా' అనే బూడిదరంగు మట్టి పోస్తారు. అది వాన నీటిని లోపలికి దిగనివ్వదు. ఊరి కింద పోకేయిరా లోయ. అదే లోయలో దిగువన బుబియోన్, ఇంకా దిగువన పంపనేయిరా. ఈ మూడు ఊళ్ళ చుట్టూ ఉన్న కాలిబాటల కోసం యూరప్ నలుమూలల నుంచీ జనం వస్తారు. వాళ్ళ చేతుల్లోని పుస్తకాలన్నీ ఇంచుమించు ఒకే కథ చెబుతాయి: బాటలు మూర్లు (ఒకప్పుడు ఇక్కడ కాపురమున్న ముస్లిములు) వేశారు, కాలువలు మూర్లు తవ్వారు, వాళ్ళను వెళ్ళగొట్టినప్పుడు, వచ్చిన క్రైస్తవులకు నీటిపని నేర్పడానికి ఊరికి రెండేసి కుటుంబాలను ఉండనిచ్చారు. ఆ తర్వాత పుస్తకం ఒక్క దూకుతో నాలుగు వందల ఏళ్ళు దాటి, సామాను సంచీ వీపున వేసుకున్న యాత్రికుడి దగ్గర వాలుతుంది.

ఈ కథ నాకు మింగుడుపడదు. దూకేసిన ఆ నాలుగు వందల ఏళ్ళలోనే అసలు సంగతి ఉంది.

అంతకు ముందుది అందరికీ తెలిసిందే కనుక త్వరగా చెబుతాను. ఎనిమిదో శతాబ్దం నుంచి అరబ్బులు, బెర్బర్లు ఈ అల్పుహార్రా కొండల్లో స్థిరపడ్డారు. గ్రనాడాను ఏలిన నస్రీ సుల్తానుల కాలానికి ఇది పట్టుసీమ. ప్రతి గట్టు మీదా మల్బరీ చెట్లే. 1492లో గ్రనాడా క్రైస్తవ రాజులకు లొంగిపోయాక చివరి సుల్తాను బోఅబ్దిల్‌కు ఇక్కడే జాగీరు ఇచ్చారు. మరుసటి ఏడే అతడు సముద్రం దాటి మొరాకో వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు ముస్లిములందరికీ బలవంతపు బాప్తిస్మం జరిగింది. అలా మతం మారినవాళ్ళే మోరిస్కోలు. అరబీ భాషను, వాళ్ళ వేషాన్ని నిషేధిస్తూ 1567లో ఫర్మానా వచ్చింది. 1568 క్రిస్మస్ నాటికి తిరుగుబాటు అంటుకుంది. 1569 జనవరిలో రాజు తరఫు మొందేహార్ మార్కీ సేన పోకేయిరా లోయను పట్టుకుంది. తిరుగుబాటు రాజు అబెన్ ఉమేయాను అదే ఏడాది అక్టోబరులో సొంతవాళ్ళే చంపారు. అతని తర్వాత వచ్చిన అబెన్ అబో 1571 మార్చిలో హతుడయ్యాడు. ఈలోగా, 1570 చలికాలం మొదలవుతుండగా, మోరిస్కోలను కాలినడకన కాస్తీల్ వైపు తోలారు. గ్రనాడా రాజ్యం మొత్తం మీద ఇలా వెళ్ళినవాళ్ళు దాదాపు 80,000 మంది అని చరిత్రకారుల అంచనా. దారిలో పోయినవాళ్ళు తక్కువేమీ కాదు.

ఇక్కడ ఆగాలి. యుద్ధాన్ని రాసిన మార్మోల్ కార్వహాల్ గానీ, ఉర్తాదో దే మెందోసా గానీ కాలువల జోలికి పెద్దగా పోలేదు. వాళ్ళకు కావలసింది దండయాత్రలు, వంతెనలు, తలలు. 1872లో ఇక్కడికి వచ్చిన నవలాకారుడు అలార్కోన్ అబెన్ ఉమేయా నీడను వెతుక్కుంటూ వచ్చాడు, వెతికినది దొరికింది కూడా. వీళ్ళను చదివినవాళ్ళకు అల్పుహార్రా 1571లో చచ్చిపోయినట్టే అనిపిస్తుంది. 1920 నుంచి 1934 వరకు విడతలుగా ఇదే కొండల్లోని యేగెన్‌లో కాపురమున్న ఇంగ్లీషు రచయిత జెరాల్డ్ బ్రెనన్ ఒక్కడు కాస్త నయం. బతికున్న ఊరిని బతికున్నట్టే చూశాడు.

రెండు కుటుంబాల సంగతి చూద్దాం. ఈ మాట చెప్పేవాళ్ళు ఆధారం చూపరు. కొందరు మోరిస్కోలు దాక్కుని మిగిలారు, కొందరు బానిసలుగా మిగిలారు, కొందరు దొంగచాటుగా తిరిగొచ్చారు, ఇది నిజం. అయితే 1584లో ప్రభుత్వం మళ్ళీ గాలించి, దొరికినవాళ్ళను రెండోసారి వెళ్ళగొట్టింది. అంత అనుమానంతో ఉన్న రాజ్యం ఊరూరా ఇద్దరేసి గురువులను కొలువు పెట్టిందంటే నమ్మడం కష్టం. కథ ఎందుకు పుట్టిందో మాత్రం ఊహించవచ్చు. వచ్చినవాళ్ళు గలీషియా, అస్తూరియాస్ వంటి వానల సీమల నుంచి దిగిన, సాగునీటి ఊసే ఎరగని జనం అని ముందే అనుకుంటే, వాళ్ళకు ఎవరో ఒకరు నేర్పక తప్పదు. రికార్డులు అలా చెప్పడం లేదు. ఉత్తరాది నుంచి కొందరు వచ్చిన మాట వాస్తవమే కానీ, గ్రనాడా రాజ్యానికి వచ్చిన సుమారు 12,500 కుటుంబాల్లో పెద్ద పాలు హయేన్, కోర్దోబా, లా మాంచా వంటి ఇరుగుపొరుగు సీమలది. కాలువ అంటే ఏమిటో, వంతు అంటే ఏమిటో వాళ్ళకు కొత్త కాదు. కాపిలేయిరా గుడిలోని 'కబేసా' మాతకు మూలస్థానం హయేన్ సీమలోని అందూహర్ అని కొందరు దీనికి సాక్ష్యంగా చూపుతారు. నేను దాన్ని లెక్కలోకి తీసుకోను. ఆ విగ్రహాన్ని ఇచ్చింది గ్రనాడాను గెలిచిన రాణి ఇసబెల్, రాజు ఫెర్నాందోలని స్థానిక సంప్రదాయం. అది నిజమైతే ఆ మాత వలసకు ముందే వచ్చి కూర్చుందన్నమాట.

కొత్తవాళ్ళే కాలువలు కాపాడారనడానికి గట్టి సాక్ష్యం వేరే ఉంది. 1571 నుంచి రాజ్యం ఊరూరా 'అపెయో' పుస్తకాలు రాయించింది. ఊరి హద్దులు, ఇళ్ళు, పొలాలు, చెట్లు, నీళ్ళు. ఊరు ఎరిగిన సాక్షులను వెంటబెట్టుకుని న్యాయాధికారి కాలినడకన తిరిగి రాయించినవి అవి. తర్వాత భూమిని 'సువెర్తే'లుగా, అంటే చీటీ పాలుగా, విడగొట్టి పంచారు. ఒక్కొక్క పాలులో కొంత తడి, కొంత మెట్ట, కొన్ని చెట్లు. ఇంటికి ఏటా ఒక రియాల్ శిస్తు, ఊళ్ళోనే కాపురముండాలన్న షరతు. తడి భూమి విలువంతా నీటి వంతు మీదే ఉంటుంది. నీళ్ళు పాత ఆచారం ప్రకారమే పారాలన్నది వచ్చినవాళ్ళ సొంత అవసరం. పాతవాళ్ళ మీద ప్రేమతో వాళ్ళు కాలువలు కాపాడారని ఎవరూ అనరు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అపెయోలు పొలాల పంపకానికి రాసినవి. ఊరికి చాలా పైన, రెండు వేల మీటర్ల దగ్గర, కొండ చుట్టూ తిరిగే 'కారెయో' కాలువల గురించి వాటి మీద ఎక్కువ ఆధారపడలేం. కానీ ఆ కాలువల పనే వేరు. అవి పొలానికి పారవు. మంచు కరిగేటప్పుడు వాగు నుంచి నీటిని మళ్ళించి, పలకరాయి పగిలి గుల్లబారిన చోటికి తీసుకెళ్ళి వదిలేస్తాయి. నీరు నేలలో ఇంకి, వారాలు, నెలలు లోపలే ప్రయాణం చేసి, వాగులు సన్నబడే వేసవిలో దిగువన ఊటలుగా తేలుతుంది. ఈ లెక్క సరైనదేనని ఇదే కొండల్లోని బెర్చూలెస్ ఊరి దగ్గర భూజల శాస్త్రజ్ఞులు ఈమధ్యనే కొలిచి చూపారు. కాలువ అంతా మట్టీ, రాయీ. ఏటా పార పట్టకపోతే మంచు జారి గట్టు తెగుతుంది, రాళ్ళు పూడుకుంటాయి. ఒక తరం వదిలేస్తే కొండలో కలిసిపోతుంది. ఇవాళ అవి ఉన్నాయంటే 1571 తర్వాతి ప్రతి తరమూ పార పట్టి ఉండాలి, లేదా మధ్యలో ఎవరో మళ్ళీ తవ్వి ఉండాలి. ఏది జరిగినా ఆ పని క్రైస్తవ రైతులదే.

ఇక బాటలు. 'అసెకియేరో' అనే కాలువ కావలివాడు రోజూ నడిచే గట్టే కాలిబాట. కాపిలేయిరా నుంచి మర వంతెనకు దిగే దారిలో ఇది కళ్ళకు కడుతుంది. అరుగులు అరుగులుగా పొలాలు, వాటిని నిలబెట్టిన రాతి కట్టలు, గాలి బాగా తగిలే మొనల మీద పలకరాళ్ళు పరిచిన గుండ్రటి కళ్ళాలు, వాగు ఒడ్డున మర. పొలం నుంచి కళ్ళానికి, కళ్ళం నుంచి మరకు, మర నుంచి ఇంటికి. పాలు చెదురుమదురుగా పంచడం వల్లనే ఇన్ని బాటలు పుట్టాయని చెప్పబోయి ఆగుతాను. మోరిస్కోల కమతాలు ఇంకా చిన్న ముక్కలు. నేల ఒకరిది, దాని మీద చెట్టు మరొకరిది కూడా ఉండేది. వాళ్ళకు ఇంకా ఎక్కువ బాటలు ఉండి ఉంటాయి. కొత్తవాళ్ళు తక్కువమంది, మనిషికి దక్కిన భూమి ఎక్కువ. కొన్ని బాటలు చచ్చి, మిగిలినవి గట్టిపడ్డాయని అనుకోవడం సబబు. పట్టు పరిశ్రమ మాత్రం కోలుకోలేదు.

ఈ నడక 1960ల దాకా సాగింది. అప్పుడు కుర్రవాళ్ళు బార్సెలోనాకు, జర్మనీకి వెళ్ళిపోయారు. పైన వాగు మొదట్లో జలవిద్యుత్ కూలీల కోసం కట్టిన లా సెబాదియా అనే పల్లె కూడా పాడుబడింది. ఇప్పుడు అదీ ఒక చూడదగ్గ స్థలమే. ఎదుటి కొండ మీద 1980లో టిబెటన్ బౌద్ధుల ఆశ్రమం వెలిసింది, దలైలామా వచ్చి పేరు పెట్టి వెళ్ళారు. 1982లో ఈ మూడు ఊళ్ళనూ చారిత్రక సముదాయంగా ప్రకటించారు, 1999లో పైకొండ జాతీయ పార్కయింది. ఎరుపు, తెలుపు పట్టీల జి.ఆర్. 7 దారి ఈ లోయ గుండా పోతుంది. కొండ మొత్తాన్ని చుట్టే సులాయిర్ దారి సుమారు 300 కిలోమీటర్లు.

దారులకు రంగులు పడ్డాయి, కాలువలకు గొట్టాలు పడ్డాయి. నీటిని పొదుపు చేయడం పేరుతో కొన్ని చోట్ల మట్టి కాలువలను సిమెంటు చేశారు, కొన్నింటిని గొట్టాల్లో పెట్టారు. కారే కాలువ కారడం నష్టమని లెక్క వేసినవాళ్ళకు, ఆ కారుడు మీదే గట్టు పొడవునా చెస్ట్‌నట్ చెట్లూ దిగువ ఊటలూ బతుకుతున్న సంగతి పట్టలేదు. చెట్లు ఎండాక బాటలో నీడ పోతుంది, కావలివాడి అడుగు పడని గట్టు ముళ్ళపొద అవుతుంది. యాత్రికుడి కోసం పెట్టిన పలకలో మాత్రం 'మూర్ల కాలువ' అని ఉంటుంది.

గ్రనాడా విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో కాన్యార్ ఊరి దగ్గర బర్హాస్ కాలువతో మొదలుపెట్టి, స్వచ్ఛంద కార్యకర్తలతో పాడుబడ్డ కాలువలను తిరిగి పారిస్తున్నారు. మంచి పని. అయినా నా అనుమానం నాకుంది. పార పట్టిన విద్యార్థి సెలవులయ్యాక వెళ్ళిపోతాడు. ఏటా మంచు కరిగే వేళకు కాలువ మీద ఉండాల్సింది ఆ ఊరి రైతు, అతనికేమో వయసు మీద పడింది, కొడుకు ఊళ్ళో లేడు. బాటకు రంగు వేసే డబ్బులో కొంతైనా నీటివాడకందార్ల సంఘానికి వెళ్ళి, అక్కడొక అసెకియేరోకు జీతమైతే, బాట సంగతి అతనే చూసుకుంటాడు.