ఒకే తెర, ఇద్దరు ఆటగాళ్ళు

ఓరుగల్లు కోట నడుమ, స్వయంభూ శివాలయపు శిథిలములకు నాలుగు దిక్కులను కాకతీయుల కాలపు కీర్తితోరణములు నాలుగు నిలిచి ఉన్నవి. తూర్పు తోరణము దాటి బయటికి పోయినవాడు మరుక్షణమే పడమటి తోరణము గుండా లోపలికి వచ్చినాడని అనుకొందము. అట్టి ప్రాంగణములో పారిపోవుటకు చోటు లేదు. 1980 తరువాత అమెరికాలోను, జపానులోను పుట్టిన కొన్ని వీడియో ఆటలు ఇట్టివే. తెర కుడి అంచున మాయమైన బొమ్మ ఎడమ అంచున ప్రత్యక్షమగును.

వీనిని అరుగుల ఆటలు అనవచ్చును. తెరమీద అంతస్తులుగా అరుగులు ఉండును. బొమ్మలు వానిపై ఎక్కి, దూకి పోరాడును. 1981లో నింటెండో కంపెనీకై షిగేరు మియమోతో రూపొందించిన డాంకీ కాంగ్ ఈ జాతికి ప్రసిద్ధి తెచ్చినది. కాని అందులో ఇద్దరు ఆడదలచినచో వంతులవారీగా ఆడవలసినదే.

ఇద్దరిని ఒకేసారి తెరపైకి దింపిన ఆటలలో ముఖ్యమైనది 1982 నాటి జౌస్ట్. అమెరికాలోని విలియమ్స్ కంపెనీకై జాన్ న్యూకమర్ దీనిని రూపొందించినాడు. ఒక ఆటగాడు నిప్పుకోడిపైన, రెండవవాడు కొంగపైన బల్లెము పట్టి స్వారీ చేయును. ఇద్దరు ఢీకొన్నపుడు ఎవని బల్లెము ఎత్తున ఉన్నదో వానిదే గెలుపు. మీట నొక్కినకొద్దీ పక్షి రెక్క కొట్టి పైకి లేచును. నొక్కుట మానినచో క్రిందికి దిగును. ఉన్నత పాఠశాలలో చెప్పు స్వేచ్ఛాపతనమే ఇది. యంత్రము సెకనుకు పలుమార్లు, వేగమునకు కొంచెము చేర్చుచు, ఆ వేగమును ఎత్తుకు చేర్చుచు పోవును. కూడికలు, తీసివేతలు చాలును.

ఆట ఒకే తెరకు ఎందుకు పరిమితమైనది? యంత్రముల పేదరికమే కారణమని చాలమంది చెప్పుదురు. లెక్క చూడండి. జౌస్ట్ తెరపై 292 నిలువు వరుసలు, 240 అడ్డు వరుసలు. మొత్తము 70,080 బిందువులు. 16 రంగులు చూపుటకు బిందువునకు 4 బిట్లు కావలెను. అనగా ఒక్క చిత్రమునకే 35,040 బైట్ల మెమరీ. ఆ రోజులలో అది చిన్న ఖర్చు కాదు.

అయినను ఈ సమాధానము నాకు తృప్తిగా లేదు. ఇంచుమించు అట్టి యంత్రము మీదనే అదే కంపెనీ 1981లో డిఫెండర్ అను ఆటను తెచ్చినది. అందులో దృశ్యము తెరను దాటి ఎంతో దూరము సాగును. కావున అసలు చిక్కు వేరొకటి. తెర కదలినచో అది ఎవరి వెంట పోవలెను? ఒకడు ముందుకు, ఒకడు వెనుకకు పోయిన యెడల ఒకరు తెర బయట పడుదురు. మన పులి-మేక ఆటలో గడులగీత కదలదు. చుట్టు కూర్చున్న వారందరికి పులులు, మేకలు అన్నియు కనబడును.

దీనికి నింటెండో చరిత్రయే సాక్ష్యము. 1983లో మియమోతో, గున్‌పేయ్ యొకోయ్ కలిసి చేసిన మేరియో బ్రదర్స్‌లో తెర నిలకడగా ఉన్నది, అన్నదమ్ములు ఇద్దరు ఒకేసారి ఆడుదురు. (తమ్ముడు లూయీజీ అన్న బొమ్మకే వేరు రంగు పూసిన రూపము, ఇక్కడ మాత్రము మెమరీ పొదుపే కారణము.) క్రింది నుండి నేలను గుద్ది శత్రువును బోర్లించవచ్చును; పైన నిలిచిన తోడివానిని కూడ ఎగురవేయవచ్చును. 1985లో వచ్చిన సూపర్ మేరియో బ్రదర్స్‌లో తెర వీరుని వెంట నడచుట మొదలు పెట్టినది. ఇద్దరి ఆట వెంటనే మరల వంతుల ఆట అయినది. 1990ల దశకములో మన పట్టణములలో టెలివిజనుకు తగిలించి ఆడిన ఆటపెట్టెలలో ఈ ఆట ఉండెడిది. పెట్టెకు చేతిమీటలు రెండు, కాని ఒకడు ఆడుచుండగా రెండవవాడు అన్న ఎప్పుడు చచ్చునా యని చూచుచు కూర్చుండెడివాడు!

1986లో జపానుకు చెందిన టైటో కంపెనీ బబుల్ బాబుల్‌ను విడుదల చేసినది. ఫుకియో మిత్సుజీ దీని రూపకర్త. రెండు చిన్న డ్రాగనులు బుడగలు ఊది శత్రువులను అందులో బంధించును. మొత్తము 100 తెరలు. నూరును ఒంటరిగా దాటినవానికి అసలు ముగింపు దక్కదు. స్నేహితుని తోడు తెచ్చుకొమ్మని ఆట చెప్పును.

ఆ తరువాత మెమరీ కారుచౌక అయినది. అయినను 2013లో మాడీ థోర్సన్ రూపొందించిన టవర్‌ఫాల్ నిలకడ తెరనే ఎంచుకొన్నది. నలుగురు విలుకాండ్రు, తలకు మూడు బాణములు. విడిచిన బాణము గోడకు గ్రుచ్చుకొని ఉండును. ఎవరైనను దానిని తీసుకొనవచ్చును. కుడి అంచున పోయిన బాణము ఎడమవైపు నుండి వచ్చి వేసినవాని వీపుననే తగులవచ్చును. దూరమున ఉన్నవారితో ఇంటర్నెట్ ద్వారా ఆడు ఏర్పాటు అందులో పెట్టలేదు. 2018లో నింటెండో స్విచ్ యంత్రమునకు దీనిని మార్చినపుడు ఆరుగురు ఆడుటకు వీలుగా రంగస్థలమును వెడల్పు చేసినారు.