చిత్రగుప్తుడి చిట్టాలో తప్పు: తెలుగు యమ చిత్రాల్లో సందేహం చేసే పని

తెర మీద యముడు నవ్వులపాలు కాగానే హేతువాదం గెలిచిందని తీర్మానించడం మన సినిమా విమర్శకు అలవాటైపోయింది. పౌరాణికాల జోరు తగ్గాక దేవతలు హాస్యపాత్రలయ్యారనీ, 'దేవాంతకుడు' (1960) నుంచి 'యమలీల' (1994) దాకా నడిచింది విశ్వాసం సన్నగిల్లిన కథేననీ ఈ పక్షం వాదం. సినిమా చూసి పగలబడి నవ్వినవాళ్లు ఇంటికెళ్లి తద్దినాలు మానేశారా అని వీరెప్పుడూ అడగరు.

యముణ్ణి నిలదీయడం సినిమా కనిపెట్టింది కాదు. ఆదిపర్వంలో మాండవ్యుడు చేసింది అదే. పసితనంలో పురుగుల్ని గుచ్చినందుకు పెద్దయ్యాక కొరత శిక్షా అని యమధర్మరాజునే శపించాడు. అంతటితో వదల్లేదు. పద్నాలుగేళ్లలోపు చేసినదానికి పాపం అంటకూడదని కొత్త నిబంధన కూడా పెట్టాడు. శిక్షాస్మృతిని సవరించాడే గాని నరకం లేదనలేదు.

'యముడికి మొగుడు' (1988)లో నడిచేదీ ఈ తగవే. ఆయువు తీరకముందే కథానాయకుడు కాళిని పైకి తెచ్చేశారు. కింద శరీరం కాలిపోయింది. అతను అడిగేది న్యాయం, దొరికేది అదే పోలిక ఉన్న మరో శరీరం. లెక్క తప్పిందన్నవాడు లెక్క లేదన్నట్టు కాదు. పేష్కారు మీద ఫిర్యాదు పెట్టేవాడు కోర్టును నమ్మినవాడే. 'యమగోల' (1977)లో భటుల సమ్మెనూ ఇలాగే చూడాలి. కొలువు ఉండాలనుకునేవాడే సమ్మె చేస్తాడు. అందులో రాజకీయ వ్యంగ్యం పాలు ఎక్కువేనన్నది నిజం.

నా వాదానికి అసలు బలం 'యమలీల'. కైకాల సత్యనారాయణ యముడు ఐస్‌క్రీమ్ కోసం పడే యాతన అందరికీ గుర్తే. హిమక్రీములంటూ ఆయన నోరూరించుకుంటుంటే హాలు హాలంతా నవ్వింది. కిరీటం, గద, ఆ గొంతు అన్నీ ఉన్నాయి, భయం ఒక్కటే లేదు. ఇక భవిష్యవాణి అనే పుస్తకం సంగతి చూడండి. కథానాయకుడు సూరజ్ అందులో తల్లి మరణం చదువుతాడు. అది అబద్ధమేమో అన్న అనుమానం అతనికీ రాదు, ప్రేక్షకుడికీ రాదు. యముడు ఎంత నవ్వులపాలైతే పుస్తకం అంత బరువెక్కుతుంది. హాస్యమంతా అధికారి మీద, భయమంతా రాత మీద. ఈ రెంటినీ విడదీసి చూడకపోవడమే హేతువాద పఠనం చేసిన పొరపాటు.

తెర బయటా ఇదే తీరు. ధర్మపురికి పోయినవాడికి యమపురి లేదని సామెత. నరసింహుడి సన్నిధిలోనే యముడికీ గుడి ఉన్న ఊరది. అక్కడ గండదీపంలో నూనె పోస్తూ ఒక పెద్దాయన మనవడితో, "పొయ్యిరా, చిత్రగుప్తునికి చూపు ఆనది, మన పేరు మందిపేర్ల కలిసిపోతది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నూనె చుక్క మిగల్చకుండా పోశాకే ఆయన పక్కకు జరిగాడు.

'దేవాంతకుడు' బెంగాలీ మూలం నుంచి వచ్చిందని అభ్యంతరం చెప్పవచ్చు. కానీ దిగుమతైన సరుకు ముప్పయ్యేళ్లకు పైగా చెల్లుబాటైందంటే గిరాకీ ఇక్కడిదే. ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను. తెలుగువాడి సందేహం ఎప్పుడూ విశ్వాసం ఇంటి అరుగు దిగలేదు. కాదంటారా? చిట్టా మొత్తం కల్పితమని తేలి, నరకం ఖాళీ అయ్యే ముగింపున్న యమ చిత్రాన్ని ఒక్కదాన్ని ఆ పక్షం వారు చూపించాలి.