భారతదేశ తేయాకు వాణిజ్యం: కొనుగోలుదారులు, చెల్లింపు విధానాలు (1839–2024)

వ్యాససంగ్రహం

భారతదేశ తేయాకు వాణిజ్య చరిత్రను ఎగుమతుల వాటా క్షీణించిన చరిత్రగా చెప్పడం పరిపాటి. ఎగుమతుల పరిమాణాన్ని, సరుకు కొన్న దేశాలను, చెల్లింపులు జరిగిన తీరును కలిపి పరిశీలిస్తే ఈ అభిప్రాయం అసంపూర్ణమని తెలుస్తుంది. ఈ వాణిజ్యం వివిధ దశలలో ఒక్కొక్క పెద్ద కొనుగోలుదారుపై ఆధారపడి నడిచింది. ఆ ఆధారం సడలినప్పుడు సరుకును స్వదేశీ విపణి ఇముడ్చుకొన్నా, నష్టభారం తోట కార్మికులపైన, చిన్న రైతులపైన పడింది.

ముఖ్యపదాలు: తేయాకు, ఎగుమతి, దిగుమతి, లండన్ వేలం, రూపాయి వాణిజ్యం, స్వదేశీ విపణి.

1. ఉపోద్ఘాతం

1951లో భారతదేశం సుమారు 28.5 కోట్ల కిలోగ్రాముల తేయాకును ఉత్పత్తి చేసి, అందులో మూడింట రెండు వంతులకు పైగా విదేశాలకు పంపింది. 2024లో ఉత్పత్తి సుమారు 128 కోట్ల కిలోగ్రాములు కాగా, ఎగుమతి సుమారు 25.5 కోట్ల కిలోగ్రాములు, అనగా ఐదింట ఒక వంతు. వాటాను మాత్రమే చూసినవారికి ఇది పతనంగా కనిపిస్తుంది. పరిమాణాన్ని చూస్తే ఎగుమతులు పడిపోలేదు. అలాగని ఉత్పత్తితో సమానంగా పెరగనూ లేదు. ఏడు దశాబ్దాలలో ఉత్పత్తి నాలుగు రెట్లు మించి పెరిగినా ఎగుమతి స్వల్పంగానే ఎందుకు పెరిగిందన్నది ఇక్కడి ప్రశ్న. దీనికి సమాధానం తోటలలో కన్నా విపణుల నిర్మాణంలో ఎక్కువగా లభిస్తుంది.

2. లండన్ దశ

బ్రిటన్ చైనా తేయాకుకు మొదట వెండితోను, తరువాత భారతదేశంలో పండించిన నల్లమందు అమ్మకాల సొమ్ముతోను మూల్యం చెల్లించేది. 1833 చార్టర్ చట్టం చైనా వ్యాపారంలో ఈస్టిండియా కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యాన్ని రద్దు చేసింది. మరుసటి సంవత్సరమే గవర్నర్ జనరల్ బెంటింక్ భారతదేశంలో తేయాకు సాగును పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించాడు. అస్సాం తేయాకు తొలి పెట్టెలు 8, 1839 జనవరిలో లండన్ వేలంలో అమ్ముడుపోయాయి. 1861లో కలకత్తాలోనూ వేలం మొదలైంది. 1888 నాటికి బ్రిటన్‌కు చేరే తేయాకులో భారతదేశం చైనాను మించింది.

ఈ విస్తరణకు వలస శ్రమ ఆధారమైంది. ఛోటానాగ్‌పూర్ వంటి ప్రాంతాలతో పాటు మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలు అస్సాం తోటలకు తరలివెళ్లారు. అక్కడి తెలుగు మాట్లాడే తోట కార్మిక కుటుంబాల చరిత్రకు మూలం ఈ వలసలోనే ఉంది. శ్రమ ఈ దేశానిదే అయినా, ప్రధాన విపణిగా ధరను శాసించినది లండన్.

3. ఎగుమతుల నియంత్రణ – స్వదేశీ విపణి

ఆర్థిక మాంద్యంలో ధరలు పడిపోగా, భారతదేశం, సిలోన్, డచ్ ఈస్టిండీస్ ఉత్పత్తిదారులు అంతర్జాతీయ తేయాకు ఒప్పందం చేసుకొన్నారు. 1933 ఏప్రిల్ నుంచి అది అమలులోకి వచ్చింది. మొదటి సంవత్సరం ప్రతి దేశం తన ప్రామాణిక ఎగుమతిలో 85 శాతం మాత్రమే పంపవలసి ఉండెను. కొత్తగా తోటలు వేయడంపైనా పరిమితులు విధించారు. అయితే భారతదేశంలో ఉన్న తోటల దిగుబడిపై ఇటువంటి కోటా లేదు. కనుక విదేశాలకు పోని సరుకుకు స్వదేశంలో తాగేవారిని వెదకవలసి వచ్చింది.

అందుకు సాధనం అప్పటికే సిద్ధంగా ఉంది. తోటల యజమానుల కోరికపై 1903లో ఎగుమతి తేయాకుపై సెస్సు విధించే చట్టం వచ్చింది. తొలుత విదేశీ ప్రచారానికి ఎక్కువగా వెచ్చించిన ఆ నిధిని 1930లలో స్వదేశీ ప్రచారానికి విస్తారంగా వినియోగించారు. రైల్వే స్టేషన్లలో, సంతలలో, కర్మాగారాలలో టీ కాచి పోస్తూ, భారతీయ భాషలలో ప్రకటనలు వేస్తూ ఈ అలవాటును నాటారు. ఈనాడు సంప్రదాయంగా భావించే టీ అలవాటు విస్తృతిలో మిగులు సరుకును వదిలించుకోవాలన్న వాణిజ్య అవసరానికి గణనీయమైన పాత్ర ఉంది.

4. మాస్కో దశ

రెండో ప్రపంచయుద్ధకాలంలో లండన్ వేలం నిలిచిపోయి, బ్రిటిష్ ప్రభుత్వమే టోకున తేయాకును కొన్నది. వేలం 1951లో తిరిగి మొదలైంది. టోకు కొనుగోళ్ల రక్షణ తొలగిన తరువాత 1952లో ధరలు పతనమై అస్సాం, కాచర్ ప్రాంతాలలో పలు తోటలు మూతబడ్డాయి. 1953 టీ చట్టం, 1954లో టీ బోర్డు స్థాపన ఈ సంక్షోభానంతర పరిణామాలు.

1953 డిసెంబరులోనే సోవియట్ యూనియన్‌తో వాణిజ్య ఒప్పందం కుదిరింది. రూపాయి ఖాతా ద్వారా సాగిన ఈ వ్యాపారంలో భారతదేశం యంత్రాలు, ఆయుధాలు దిగుమతి చేసుకొని తేయాకు వంటి సరుకులను పంపింది. 1980ల చివరికి భారత తేయాకు ఎగుమతులలో దాదాపు సగం సోవియట్ యూనియన్‌కే చేరేది. విపణి స్థిరత్వం లాభమే. అయితే ఇతర దేశాలలో పోటీపడవలసిన అవసరాన్ని అది తగ్గించింది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దు కావడంతో ఈ ఏర్పాటు కూలింది. ఆ దశాబ్ది చివర ధరలు మళ్లీ క్షీణించగా డూయర్స్‌లోను, కేరళలోని పీర్‌మేడు ప్రాంతంలోను తోటలు మూతబడి, కార్మిక కుటుంబాలు పస్తులుండవలసి వచ్చింది.

5. వర్తమాన దశ: ఇరాన్, దిగుమతులు

2012 నుంచి ఇరాన్ చమురుకు భారతదేశం రూపాయలలో కొంత మూల్యం చెల్లించింది. ఆ నిల్వలతో ఇరాన్ తేయాకును, బియ్యాన్ని కొనుగోలు చేసింది. 2019లో ఇరాన్‌కు తేయాకు ఎగుమతి 5 కోట్ల కిలోగ్రాములు దాటింది. అమెరికా ఆంక్షల కారణంగా అదే ఏడాది చమురు దిగుమతి ఆగిపోవడంతో రూపాయి నిల్వ తరిగి, మరుసటి సంవత్సరం ఎగుమతి గణనీయంగా తగ్గింది. సోవియట్ అనుభవమే చిన్న పరిమాణంలో పునరావృతమైంది.

దిగుమతులు పరిమాణంలో స్వల్పమే. నేపాల్, కెన్యా, వియత్నాంల నుంచి వచ్చే సరుకులో కొంత మిశ్రమం చేసి తిరిగి ఎగుమతి చేయడానికి ఉద్దేశించినది. సాధారణ దిగుమతి సుంకం 100 శాతం ఉన్నా, నేపాల్ సరుకుకు వాణిజ్య ఒప్పందం వల్ల సుంకం లేదు. నేపాల్ తేయాకును దార్జిలింగ్ పేరుతో అమ్ముతున్నారన్న ఫిర్యాదుల నేపథ్యంలో, దిగుమతి తేయాకును దార్జిలింగ్ తేయాకుతో కలపరాదని 2021లో టీ బోర్డు ఆదేశించింది. చౌక సరుకు లోపలికి వచ్చినప్పుడు, పచ్చి ఆకును కర్మాగారాలకు అమ్ముకొనే చిన్న రైతుకు బేరమాడే శక్తి తగ్గుతుంది. నేటి దేశ ఉత్పత్తిలో దాదాపు సగం ఈ చిన్న రైతులదే.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఎగుమతుల వాటా తగ్గడానికి స్వదేశీ వినియోగ విస్తరణ ప్రధాన కారణం కనుక, ఆ వాటాను మాత్రమే వైఫల్యానికి కొలమానంగా తీసుకోరాదు. రెండవది, మాస్కో, ఇరాన్ దశలలో తేయాకు తన గుణం వల్ల మాత్రమే అమ్ముడుపోలేదు; యంత్రాలు, ఆయుధాలు, చమురు వంటి ఇతర సరుకుల చెల్లింపులతో ముడిపడి అమ్ముడుపోయింది. ఆ ముడి విడిపోతే విపణి కుంగింది. మూడవది, స్వదేశీ విపణి సరుకును కాపాడింది గాని, దానిని పండించినవారి ఆదాయాన్ని కాపాడలేదు. తేయాకు వాణిజ్యంపై ఇకముందు జరిగే పరిశోధనలు ఎగుమతి గణాంకాలతో పాటు పచ్చి ఆకు ధరను, తోట కూలిని ప్రమాణాలుగా స్వీకరించినప్పుడే ఈ చరిత్రలోని లాభనష్టాల పంపకం పూర్తిగా అర్థమవుతుంది.