పరదేశి గృహస్థుడు - ఇంటిపన్ను : మహమ్మద్‌నగర్ ప్రాంతమును గూర్చిన యొక పరిశీలనము

తెలుగున పన్నులకు సంబంధించిన వ్యవహారమంతయు పరభాషా పదములతో నిండియున్నది. కిస్తు, బాకీ, వసూలు, జప్తు అను మాటలు అరబ్బీ నుండియు, రశీదు పారశీకము నుండియు వచ్చినవి. కాని ఇంటి మీది పన్నుకు మాత్రము మనకు మొదటి నుండియు సొంత మాట కలదు. మధ్యయుగపు శాసనములలో గానవచ్చు ‘ఇల్లరి’ యదియే. ‘అరి’ యనగా కప్పము; పుల్లు మీద వేసినది పుల్లరి, ఇల్లు మీద వేసినది ఇల్లరి. పలనాటి పుల్లరి సత్యాగ్రహము వలన మొదటి మాట నేటికిని అందరి నోట నున్నది. రెండవది నిఘంటువులకే పరిమితమైపోయినది.

ఇల్లరి యను పేరులోనే యొక సిద్ధాంతము దాగియున్నదని మా యభిప్రాయము. పన్ను ఇంటికి గాని, ఇంటిలోని మనుష్యునికి గాదు. అతడు ఏ దేశస్థుడు, ఏ ప్రభువు ప్రజ, ఏ భాష మాటాడును అను ప్రశ్నలతో దానికి బనిలేదు. ఈ సిద్ధాంతము ఆచరణమున ఎంతవరకు నిలిచినదో పరీక్షించుటకు మేము మంజీరా తీరపు ప్రాంతము నొకదానిని ఎన్నుకొంటిమి. కామారెడ్డి జిల్లాలో బాన్సువాడకును నిజాంసాగరమునకును సమీపమున మహమ్మద్‌నగర్ అను గ్రామము కలదు. ఊరి పేరులో సగము అరబ్బీ, సగము సంస్కృతము. ఊరివారి భాష తెలుగు. ఈ చుట్టుపట్ల నూరేండ్ల లోపల పరదేశి గృహస్థుడు రెండు మారులు, రెండు విపరీత దిశల నుండి కానవచ్చుచున్నాడు.

మొదటి వాడు నీటి వెంట వచ్చినాడు. మంజీరకు అడ్డముగా నిజాంసాగర నిర్మాణము 1923లో ప్రారంభమై 1931లో ముగిసెను. నవాబ్ అలీ నవాజ్ జంగు దానికి ప్రధాన శిల్పి. రెండు లక్షల డెబ్బదియైదు వేల ఎకరములకు నీరందింప నుద్దేశించిన యా కాలువ క్రింద వరిని, చెరకును పండించు నేర్పు గల రైతులు కావలసివచ్చిరి. కృష్ణా గోదావరీ మండలముల నుండి కాపులు, కమ్మవారు మొదలగు సేద్యగాండ్రు వచ్చి బాన్సువాడ, వర్ని, బోధను ప్రాంతములలో స్థిరపడిరి. వారి నివాసములకు ‘క్యాంపు’ అను పేరు వచ్చినది, నేటికిని పోలేదు. మూడు తరములు గడచి మిద్దెలు లేచినను ఊరు క్యాంపుగానే నిలుచుట వినోదకరము.

ఈ రైతులు తెలుగువారే. కాని చట్టము దృష్టిలో వారు పరదేశీయులు. మద్రాసు రాజధాని ఆంగ్ల ప్రభుత్వమునకు లోబడినది, హైదరాబాదు నిజాముది. కృష్ణ దాటి వచ్చినవాడు ‘గైర్ ముల్కీ’. 1919 నాటి ముల్కీ నిబంధనల ననుసరించి రాజ్యమున పదునైదేండ్లు స్థిరనివాసముండి, పూర్వ నివాసమునకు మరలిపోవు తలంపును విడిచినగాని సర్కారు కొలువునకు అర్హత లేదు. అనగా చేసిన సేద్యమునకును కట్టిన పన్నునకును ఏనాడును అభ్యంతరము లేదు. కొలువు దగ్గరనే ముల్కీ ప్రశ్న తలయెత్తినది. పన్ను మనుష్యుని అడుగదు, కొలువు అడుగును. ఈ భేదము ఈ వ్యాసమునకు ముఖ్యము.

ఇంటిపన్ను వారికి క్రొత్తది కాదు. మద్రాసు రాజధానిలో 19వ శతాబ్ది మధ్యభాగము వరకు ‘మొహతర్ఫా’ అను పన్ను ఉండెను. మాటకు అర్థము వృత్తిపనివాడని. కాని మగ్గము, అంగడి, ఇల్లు మూడును దాని క్రిందికే వచ్చుచుండెను. ఇక్కడ పన్ను ఇంటి నుండి జారి మనుష్యుని వృత్తిని పట్టుకొన్నది. పిమ్మట 1884 స్థానిక సంఘముల చట్టముచే యూనియను లేర్పడి, వీధులకును పారిశుద్ధ్యమునకును ఇంటిపన్ను వసూలు చేసినవి. యూనియను పురపాలక సంఘముగా మారినప్పుడు పన్ను పెరుగుటయు, చీరాల పేరాల ప్రజలలో అధిక భాగము 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరము కట్టుకొని నెలల తరబడి యుండుటయు చరిత్ర ప్రసిద్ధము. ఇంటిపన్ను ఇంటిని అంటిపెట్టుకొని యుండును గాన, దానిని తప్పించుకొనవలెనన్న ఇల్లే విడువవలెను. చీరాలవారు ఈ తర్కమును పూర్తిగా గ్రహించిరి. తమ ఊరికి తామే పరదేశులై చూపిరి.

అట్టి తీరము నుండి వచ్చినవాడు నిజాంసాగరము క్రింద ఎదుర్కొన్న చిక్కు పన్ను మొత్తమునకు సంబంధించినది కాదు. గ్రామపు ఆబాదీ స్థలమునకు శిస్తు లేదు, శిస్తు పొలమునకే. 1317 ఫసలీ నాటి హైదరాబాదు భూమిశిస్తు చట్టము ప్రకారము జరుగు వ్యవహారమునకు మాలీ పటేలు వసూలుదారు, పట్వారీ లేఖకుడు. ఈ వ్యవస్థ తెలియుటకు కాలము పట్టదు. తెలియనివి మూడు: ఏ సంవత్సరము, ఏ నాణెము, ఏ లిపి.

సంవత్సరము మాట మొదట చూతము. మద్రాసులోను ఫసలీయే, హైదరాబాదులోను ఫసలీయే. అంకె కూడ ఒకటే. కాని మద్రాసు ఫసలీ జూలై 1వ తేదీన ఆరంభమగును. హైదరాబాదు ఫసలీ అక్టోబరు మొదటి వారమున, ఆజరు నెలతో ఆరంభమగును. 1933 ఆగస్టులో తెనాలిలో 1343 ఫసలీ జరుగుచుండగా బాన్సువాడలో 1342 మెహిర్ నెల జరుగుచుండెను. రెండు ఊళ్ళయందును భూమి గల రైతు ఆ మూడు నెలలలో తన కాగితములను ప్రక్క ప్రక్కన బెట్టి చూచిన, ఒక యేడు బాకీ యున్నట్లో, ఒక యేడు ముందుగా చెల్లించినట్లో తోచును. నిజమునకు రెండును కాదు.

నాణెము చిక్కు ఇంకను సూక్ష్మమైనది. ఆంగ్ల ప్రభుత్వపు రూపాయను ఇక్కడ ‘కల్దారు’ అనిరి. నిజాము రూపాయ ‘హాలీ సిక్కా’. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు సుమారు మారకము. అరువది కల్దార్లు తెచ్చినవాడు డెబ్బది హాలీలు చెల్లింపగలడు. ఇంతవరకు లెక్క సులభమే. కాని రూపాయకు పదునారణాలు ఉభయత్ర సమానమైనను, అణా లోపలి చిల్లర లెక్కలో చిక్కు కలదు. అల్పమే, కాని పన్నుల తగవులన్నియు అల్పములతోనే మొదలగును.

లిపి మూడవది, అన్నిటికన్న దుర్గమము. 1880ల నుండి హైదరాబాదు రాజ్యమున ఉర్దూ అధికార భాష. రశీదు ఉర్దూ లిపిలో, అందును తరచుగా షికస్తా అను త్రొక్కుడు వ్రాతలో నుండును. అచ్చు ఉర్దూ చదువగలవాడు సైతము దానిని తడుముకొనును. తెలుగున సంతకము చేయగల రైతు తాను చెల్లించిన సొమ్మునకు సాక్ష్యమును తాను చదువలేక, పట్వారీ నోటి మాటను నమ్మవలసియుండెను. దీనిని కేవలము పరదేశి కష్టమని చెప్పుట అన్యాయము. మహమ్మద్‌నగరపు సొంత రైతును అట్లే చదువలేకుండెను. అయితే స్థానికునికి పట్వారీతో తాత తండ్రుల నాటి పరిచయము కలదు. క్రొత్తగా వచ్చినవానికి కాగితము తప్ప వేరొక ఆధారము లేదు. ఆ కాగితము చదువరానిది. పరదేశిత్వము పన్ను రేటులో లేదు. ఈ వెలితిలో నున్నది.

1948లో రాజ్యము మారినది. హాలీ సిక్కా 1950ల దశకమున తొలగినది. 1956లో హైదరాబాదు గ్రామపంచాయతీల చట్టము వచ్చినది. ఆ సంవత్సరమే నవంబరు 1న రెండు ప్రాంతములు కలిసినవి. క్యాంపు రైతు ఇప్పుడు పరరాజ్యపువాడు కాడు. ఆంధ్ర తెలంగాణములకు వేర్వేరుగా నుండిన పంచాయతీ చట్టములను 1964 చట్టము ఏకము చేసి, గ్రామపంచాయతీ తప్పక విధింపవలసిన పన్నులలో ఇంటిపన్నును చేర్చినది. దానితో బాటు గ్రంథాలయ పన్ను కూడ నడచుచున్నది. మద్రాసు గ్రంథాలయ చట్టము 1948 నాటిది, హైదరాబాదుది 1955 నాటిది, రెంటిని కలిపినది 1960 నాటిది. గ్రంథాలయము లేని పల్లెలో పుస్తకము ముట్టనివాడును ఇంటిపన్ను కట్టునప్పుడు పుస్తకముల కొరకు కొంత చెల్లించుచున్నాడని మన విద్యార్థులలో ఎందరికి దెలియునో!

ముల్కీ ప్రశ్న మాత్రము అంత సులభముగా పోలేదు. 1972లో సర్వోన్నత న్యాయస్థానము ఆ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పుటయు, 1973లో పార్లమెంటు వానిని రద్దు చేయుటయు మనలో పెద్దలకు జ్ఞాపకమున్నవే. నలువది యేండ్లు పన్ను కట్టిన కుటుంబము సైతము ఆ కాలమున ‘మీరు ఇక్కడివారా?’ యను ప్రశ్నను వినవలసివచ్చినది. రశీదు నివాసమునకు సాక్ష్యము కావచ్చును. అంగీకారమునకు సాక్ష్యము కాదు.

రెండవ పరదేశి ఈ ఊళ్ళ నుండియే బయలుదేరినవాడు. 1970ల పిమ్మట ఉమ్మడి నిజామాబాదు జిల్లా నుండి వేలకొలది యువకులు గల్ఫు దేశములకు బోయిరి. తరువాతి తరమున చదువుకొన్నవారు అమెరికా మొదలగు దేశములకు బోయి, కొందరు అచ్చటి పౌరులైరి. వీరిరువురను లోకము ఒకే గాట గట్టును; చట్టము గట్టదు. గల్ఫునకు బోయినవాడు ఎన్నేండ్లున్నను భారత పౌరుడే. అతడు పరదేశవాసి గాని పరదేశీయుడు కాడు. అమెరికా పౌరసత్వము గైకొన్నవాడు చట్టప్రకారము విదేశీయుడు. 2005 తరువాత అట్టివారు ఓ.సి.ఐ. గుర్తింపు పొంది ఇల్లు కొనవచ్చును. పొలము, తోట కొనరాదు. పిత్రార్జితముగా సంక్రమించిన పొలము ఉంచుకొనవచ్చును. అతని తాత నిజాంసాగరము క్రింద పరదేశిగా వచ్చి పొలము దున్నెను. మనుమడు అదే ఊరిలో విదేశీయుడై ఇల్లు కొనగలడు, పొలము కొనలేడు. తాతకు తెరచియున్న ద్వారము మనుమనికి మూసియున్నది.

ఇంటిపన్ను దగ్గర మాత్రము ఈ భేదములేవియు లేవు. 2018 పంచాయతీరాజ్ చట్టము క్రింద గ్రామపంచాయతీ డిమాండు రిజిస్టరులో యజమాని పౌరసత్వమును బట్టి వేరొక రేటు లేదు. ఇంటి నంబరు, కొలత, కట్టడపు తరగతి - అడుగవలసినవి ఇవియే. ఇల్లరి సిద్ధాంతము ఇన్ని రాజ్యములు మారినను ఇక్కడ చెడలేదు. దీనికి విరుద్ధమైన పద్ధతి లోకమున లేకపోలేదు: దుబాయిలో విదేశీయులైన నివాసులు సాలుసరి అద్దెలో నూటికి అయిదు వంతున పురపాలక రుసుమును నీరు, విద్యుత్తు బిల్లుతో గలిపి చెల్లింతురు. బాన్సువాడ నుండి పోయి అద్దెయింట కాపురమున్నవానికి పరదేశిత్వము అక్కడ పన్నుగానే కనబడును. కార్మికుల వసతిలో నుండువానికి అదియు లేదు. ఆ వసతిని కూడ ‘క్యాంపు’ అనియే అందురు.

ఇక్కడి ఇంటికి సంబంధించి వీరి చిక్కు పాత రైతు చిక్కువంటిదే, వేషము వేరు. లిపి ఇప్పుడు తెలుగు, నాణెము ఒకటే. కాని సంవత్సరము మరల తేడాపడినది: అమెరికాలో పన్నుల లెక్కకు జనవరి మొదలు, ఇక్కడ ఏప్రిలు మొదలు. నోటీసు తాళము వేసిన తలుపునకు అంటింపబడును. చదువువాడు వేల మైళ్ళ దూరమున నుండును. అన్నిటికన్న పెద్ద చిక్కు పేరు. తండ్రి గతించి పదేండ్లయినను రిజిస్టరులో తండ్రి పేరే యుండును. కుమారుడు పంపిన సొమ్మునకు రశీదు తండ్రి పేరనే వచ్చును. పన్ను రశీదు హక్కు పత్రము కాదని న్యాయస్థానములు అనేక మారులు చెప్పియున్నవి. అయినను పల్లెలలో వారసుల నడుమ తగవు వచ్చినప్పుడు మొదట పెట్టెలో నుండి బయటికి వచ్చునది ఆ రశీదే. పన్ను కట్టి పేరు మార్పించుకొననివాడు సగము పనియే చేసినవాడు.

ఇట్టి పెట్టెలలో క్యాంపు కుటుంబముల వద్ద నిజాము కాలపు రశీదులు దొరకిన, మన పరిశోధక విద్యార్థులు వానిని చదువునప్పుడు ఒక జాగ్రత్త వహింపవలెను. ఫసలీ సంఖ్యకు 590 కలిపిన క్రీస్తు శకమగునని పుస్తకములలో నున్నది. హైదరాబాదు ఫసలీకి అక్టోబరు నుండి డిసెంబరు వరకే అది సరిపడును. జనవరి నుండి 591 కలుపవలెను. కావున ముందు నెల పేరు చదివి, తరువాత సంవత్సరము చదువవలెను. నెల పేరు సాధారణముగా షికస్తాలోనే యుండును.