మంత్రసాని చేయి, స్కానింగ్ అంకె

నాకు 37వ వారం. మా ఫిల్మ్‌నగర్ బస్తీ నుంచి జూబ్లీహిల్స్‌కు స్కానింగ్‌కు పోతే, "బిడ్డ పెద్దగా ఉంది, 4 కిలోలు" అన్నారు. భయమేసింది.

అల్ట్రాసౌండ్ రాకముందు ఈ అంచనా మంత్రసాని చేతిది. చాలా ఊళ్లలో ఆమె దళిత, చాకలి, మంగలి ఆడమనిషి. బిడ్డను పట్టిన ఆ చేతినే కులం మైల అని వాకిట్లో ఆపింది.

స్కానింగ్ చెప్పే బరువూ అంచనాయే. 10–15 శాతం అటూఇటూ కావచ్చు. కానీ ఆ అంకె కోతదాకా తీసుకుపోగలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో 81.5.

భుజం ఇరుక్కునే ప్రమాదం నిజమే. అవసరమైన కోత ప్రాణం నిలుపుతుంది. అందుకే వాకిట్లో ఆగిపోయిన మంత్రసానుల మనవరాళ్లం లోపలికెళ్లి అడుగుదాం: నా షుగర్ ఎంత? అంకెలో తేడా ఎంత? ఆగితే ఏమవుతుంది?