మతం తగ్గుతుందన్న లెక్కలో మాదిగపల్లె లేదు

చదువు పెరిగితే మతం దానంతటదే పోతుందని క్లాసులో పిల్లలు ఏటా ధీమాగా చెప్తుంటారు. సోషియాలజీలో ఈ నమ్మకానికి పేరుంది, సెక్యులరైజేషన్ సిద్ధాంతమని. పీటర్ బెర్గర్ 1967లో 'ద సేక్రెడ్ కెనపీ'లో దీన్ని గట్టిగా వాదించాడు. 1999 నాటికి తనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అంతకుముందే, 1994లో, హోసే కసనోవా ఈ సిద్ధాంతాన్ని మూడు ముక్కలు చేశాడు: నమ్మకం తగ్గడం, రాజ్యం నుంచి మతం విడిపోవడం, మతం సొంత వ్యవహారం కావడం. ఒకటి నిజమైతే మిగతావీ నిజం కానక్కర్లేదన్నాడు. మనకు పనికొచ్చేది ఈ విడగొట్టడమే.

ఎందుకంటే వాళ్ళ లెక్క యూరప్ చర్చిల్లో జనం పలచబడటం చూసి వేసింది. అసలు గుడి గడపే తొక్కనివ్వని మనిషిని ఆ లెక్కలో ఎక్కడ రాస్తారు?

ఒంగోలు చూడండి. తోళ్ళ వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని, పల్లె పల్లెకూ ఆ కబురు మోశాడు. దొర రాకముందే చాలా గూడేలకు పేరయ్య వచ్చాడు. తర్వాత 1876-78 కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు పట్టి మనవాళ్ళకు కూలి చూపించాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం మతం మారారని ఎగతాళి చేసేవాళ్ళు ఈ ముక్క ఎప్పుడూ చెప్పరు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. కాలువ, కూలి డబ్బు, బడి, అక్షరం... ఆధునికత అని పుస్తకాలు చెప్పేవన్నీ మన పల్లెకు మతం వాకిట్లోంచే వచ్చాయి.

ఇక మతం సొంత వ్యవహారమన్న ముక్క. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన మాదిగ మాత్రం ఆంధ్రలో బీసీ-సి. నువ్వు ఎవరికి మొక్కుతావో తహసీల్దారుకు కావాలి.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక దళిత క్రైస్తవుడికి, సాటి చెప్పులు కుట్టేవాళ్ళకు ఉచితంగా ఇచ్చిన బడ్డీ దక్కలేదు. సుప్రీంకోర్టుకెళ్ళాడు. మతం మారాక కూడా అంతే వెనకబాటు ఉందని చూపించలేకపోయావంటూ 1985లో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది.