బడి రెండుసార్లు కాదన్న భాష

1598లో హువాన్ దె ఒన్యాతె వెంట వచ్చిన వలసవారు రియో గ్రాండె నది ఎగువ లోయలో ఊళ్లు కట్టుకున్నారు. అక్కడి నుంచి మెక్సికో నగరానికి బండ్ల మీద వెళ్లాలంటే నెలలు పట్టేది. అంత దూరాన ఉండడం వల్ల ఇప్పటి ఉత్తర న్యూమెక్సికో, దక్షిణ కొలరాడో పల్లెల్లో స్పానిష్ తన దారిన తాను పెరిగింది. "అలా" అనడానికి బయట "అసీ" అంటే ఇక్కడివాళ్లు "అసినా" అన్నారు. "తెచ్చాను" అనడానికి "త్రాహె" బదులు "త్రూహె", "చూశాను" అనడానికి "బీ" బదులు "బీదె" వాడారు. ఈ క్రియారూపాలు "డాన్ కిహోటే" రాసిన సెర్వాంటెస్ కాలంలో వాడుకలో ఉన్నవే. గబ్బిలాన్ని "రతోన్ బొలదోర్", అంటే ఎగిరే ఎలుక అన్నారు. తర్వాత అమెరికన్లు వచ్చాక ట్రక్కు "త్రోకా" అయింది, లంచ్ "లోంచె" అయింది.

మెక్సికోతో యుద్ధం ముగిస్తూ 1848 ఫిబ్రవరి 2న కుదిరిన గ్వాదలూపె ఇదాల్గో సంధితో ఈ ప్రాంతం అమెరికా చేతికి వెళ్లింది. సంధి ఆస్తికి, మతానికి హామీ ఇచ్చింది. భాష గురించి ఒక్క మాటా చెప్పలేదు. ఆ మౌనానికి మూల్యం చెల్లించింది బడిపిల్లలే.

న్యూమెక్సికో 1850లో కేంద్రం పాలించే టెరిటరీ అయినా, రాష్ట్ర హోదాకు అరవై ఏళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. అడ్డంకుల్లో భాష ఒకటి. 1902లో ఇండియానా సెనేటర్ ఆల్బర్ట్ బెవరిడ్జ్ నాయకత్వంలో సెనేట్ ఉపసంఘం ఇక్కడ పర్యటించింది. టీచర్లను, జడ్జీలను, జనాభా లెక్కలు రాసినవాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నించింది. కోర్టుల్లో దుబాసీలు ఎందుకున్నారు, బడిలో పిల్లలు ఏ భాష మాట్లాడుతున్నారు అని ఆరా తీసింది. స్పానిష్ వాడుక రాష్ట్ర హోదాకు వ్యతిరేకంగా సాక్ష్యమైంది. తరతరాలుగా అక్కడే ఉన్న జనం తమ మాట వల్లే పరాయివాళ్లుగా లెక్కకొచ్చారు. ఇది న్యాయం కాదని చెప్పడానికి చరిత్రకారుడు సంకోచించనక్కర్లేదు.

చివరికి 1910లో కాంగ్రెస్ రాష్ట్ర హోదాకు దారి తెరిచింది. అయితే బడులు ఇంగ్లీషులోనే నడవాలని షరతు పెట్టింది. అప్పుడు రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగంలోనే స్పానిష్ పిల్లలకు చదువు చెప్పే టీచర్లు రెండు భాషల్లోనూ నేర్పు సంపాదించేలా శిక్షణ ఇవ్వాలన్న మాట కూడా చేరింది. అంతకు ముందే, 1909లో, ఎల్ రీతో అనే పల్లెలో టీచర్లకు శిక్షణనిచ్చే స్పానిష్ అమెరికన్ నార్మల్ స్కూల్ ఏర్పాటుకు చట్టసభ ఆమోదించింది. కానీ రాజ్యాంగంలోని ఆ మాట కాగితం దాటి తరగతి గదికి చేరింది చాలా తక్కువ. పక్కనున్న టెక్సస్ 1918లో మరింత కఠినంగా వ్యవహరించింది. టీచర్ ఇంగ్లీషు కాని భాషలో పాఠం చెబితే నేరమని చట్టం చేసింది. 1923లో మేయర్ వర్సెస్ నెబ్రాస్కా కేసులో సుప్రీంకోర్టు పిల్లలకు పరాయి భాష నేర్పడాన్ని నిషేధించకూడదని తీర్పునిచ్చినా, బోధన ఇంగ్లీషులో ఉండాలనే అధికారాన్ని రాష్ట్రాల చేతుల్లోంచి తీసుకోలేదు.

ఈ దశలో జార్జ్ ఐ. సాంచెజ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1906లో ఆల్బకర్కీలో పుట్టిన ఆయన ఇరవై నిండకముందే పల్లె బడిలో పంతులయ్యారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు ప్రశ్నలతో తెలివితేటల పరీక్షలు పెట్టి, స్పానిష్ పిల్లలకు తక్కువ మార్కులొస్తే వాళ్లు పుట్టుకతోనే మందబుద్ధులని తేల్చేవారు. సాంచెజ్ అదే పిల్లలకు అవే పరీక్షలు మళ్లీ మళ్లీ పెట్టించి, మార్కులు ఎలా మారుతున్నాయో చూశారు. ఇంగ్లీషు వచ్చేకొద్దీ మార్కులు పెరిగాయి. ఆ పరీక్ష తెలివిని కాక భాషను కొలుస్తోందని 1930ల తొలి సంవత్సరాల్లోనే ఆయన వాదించారు. 1940లో "ఫర్‌గాటెన్ పీపుల్" అనే పుస్తకంలో న్యూమెక్సికో స్పానిష్ జనం పేదరికానికీ, ప్రభుత్వ నిర్లక్ష్యానికీ ఉన్న లంకెను బయటపెట్టారు.

1968 జనవరి 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ద్విభాషా విద్యా చట్టంపై సంతకం చేశారు. ఆయన యువకుడిగా టెక్సస్‌లోని కొతూలా పట్టణంలో మెక్సికన్ పిల్లలకు పాఠాలు చెప్పినవారే. 1974లో లౌ వర్సెస్ నికోల్స్ కేసులో, శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లల తరఫున, అర్థంకాని భాషలో పాఠం చెప్పి ఊరుకోవడం సమానత్వం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఇవి పెద్ద విజయాలు. అయినా ఆచరణలో ఇంటి భాష ఎక్కువగా ఇంగ్లీషు చేరేదాకా వేసుకునే నిచ్చెనగానే మిగిలింది.

ఇక రెండో తిరస్కారం స్పానిష్ తరగతి నుంచే వచ్చింది. హైస్కూల్లో స్పానిష్ ఒక సబ్జెక్టుగా ఉండేది, కానీ అక్కడి పాఠ్యపుస్తకం స్పెయిన్, లాటిన్ అమెరికాల శిష్టభాషలో ఉండేది. ఇంట్లో అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న "అసినా", "త్రూహె" టీచర్ ఎర్ర సిరాకు బలయ్యేవి. ఇంగ్లీషు తరగతిలో తన భాష తప్పు, స్పానిష్ తరగతిలో తన యాస తప్పు అయిన పిల్లవాడు నోరు తెరవడమే మానేస్తాడు.

నిజానికి ఆ యాసకు అప్పటికే పండితుల గౌరవం దక్కింది. కొలరాడో పల్లెలో పుట్టిన ఔరేలియో ఎస్పినోసా 1909లో చికాగో విశ్వవిద్యాలయంలో న్యూమెక్సికో స్పానిష్ మీదే డాక్టరేట్ సంపాదించారు. రూబెన్ కోబోస్ ఆ మాటలన్నీ సేకరించి 1983లో నిఘంటువు వెలువరించారు. గార్లండ్ బిల్స్, నెడ్డీ విహిల్ 1990ల్లో ఊరూరా జనం మాటలు రికార్డు చేయించి, 2008లో భాషా పటాల గ్రంథం ప్రచురించారు. ఈ యాస పదహారో శతాబ్దపు స్పెయిన్‌ను చెక్కుచెదరకుండా దాచిన పెట్టె కాదనీ, మెక్సికో స్పానిష్‌తోనూ ఇంగ్లీషుతోనూ కలిసి మారుతూ వచ్చిన సజీవ భాష అనీ వాళ్లు చూపారు. ఈ జ్ఞానం బడికి చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1970ల నుంచి గ్వాదలూపె వాల్దెస్ లాంటి భాషావేత్తలు, ఇంట్లో స్పానిష్ విన్న పిల్లలకు పరాయి భాష పాఠాలు పనికిరావనీ, వాళ్లకున్న భాష మీదే చదువు కట్టాలనీ వాదించాకే విశ్వవిద్యాలయాల్లో వారసత్వ భాషా తరగతులు విస్తరించాయి.

ఎదురుదెబ్బలు ఆగలేదు. 1998లో కాలిఫోర్నియా ప్రజలు ప్రతిపాదన 227తో ద్విభాషా బోధనను దాదాపు మూసేశారు. 2016లో ప్రతిపాదన 58తో మళ్లీ తలుపు తీశారు. ఈ మధ్యలో, 2011లో, అదే రాష్ట్రం రెండు భాషల్లో ప్రావీణ్యం చూపిన విద్యార్థి డిప్లొమాపై వేసే "సీల్ ఆఫ్ బైలిటరసీ"కి చట్టం చేసింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. 2025 మార్చి 1న అధ్యక్షుడి ఉత్తర్వు ఇంగ్లీషును దేశపు అధికార భాషగా ప్రకటించింది. ఇళ్లలో స్పానిష్ మాట్లాడేవాళ్లు ఇప్పటికీ నాలుగు కోట్లకు పైనే.

స్పానిష్ కుటుంబాల పోరాటం వేసిన ఆ దారిలో ఇప్పుడు మన పిల్లలు కూడా నడుస్తున్నారు. తెలుగులో పరీక్ష రాసి ఆ సీల్ తెచ్చుకునే అవకాశం అమెరికాలో ఉంది. వారాంతపు బడుల్లో వాళ్లకు తెలుగు నేర్పే పెద్దలకు ఒక మనవి. కరీంనగర్ ఇంటి మాటతోనో, శ్రీకాకుళం ఇంటి మాటతోనో, కడప ఇంటి మాటతోనో పిల్లవాడు మీ ముందుకొస్తే, ముందు అతణ్ని మాట్లాడనివ్వండి. రాత భాష తర్వాత నేర్పండి, ఇంటి మాటకు మాత్రం ఎర్ర సిరా తగలనివ్వకండి.